ఓడ ఆఫీసర్ కావాలంటే ఏ ఇంగ్లిష్ రాయాలి: వ్యాసాలా, గ్రామరా, రిపోర్టులా?

హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి మర్చంట్ నేవీకి వెళ్లాలనుకునే పిల్లలు ఇంటర్ అయ్యాక ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఐఎంయూ సెట్ రాస్తారు. పదిలోనో ఇంటర్‌లోనో ఇంగ్లిష్‌లో 50 శాతం మార్కులుంటే చాలని వాళ్ల ధీమా. ఆ మార్కులు తెచ్చిపెట్టింది ఎక్కువగా బట్టీపట్టిన వ్యాసాలే. కానీ ఓడ మీద ఎవరూ వ్యాసం రాయమని అడగరు.

ఓడ నడిపే డెక్ ఆఫీసర్ వాచ్ (డ్యూటీ షిఫ్టు) దిగే ముందు లాగ్‌బుక్ నింపాలి: టైము, ఓడ ఉన్న చోటు, వెళ్తున్న దిశ (కోర్సు), గాలి, సముద్రం తీరు, విజిబిలిటీ. ఇంజిన్ రూమ్‌లో నూనెకు సంబంధించిన పనులు రాసే ఆయిల్ రికార్డు బుక్ ఉంటుంది. ఓడల వల్ల సముద్రం కలుషితం కాకుండా చూసే అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ నియమాల ప్రకారం దాన్ని చివరి ఎంట్రీ తర్వాత మూడేళ్లు దాచాలి, రేవులో తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే చూపించాలి. ప్రమాదం జరిగితే విచారణలో ఈ రాతలను తిరగేస్తారు. ఓడ సిబ్బంది శిక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూ కూడా వాచ్ ఆఫీసర్‌కు ఇంగ్లిష్ మాటలోనే కాదు, రాతలోనూ రావాలంటోంది.

స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్ దండగ అనను. బెరుకు పోతుంది, ఓరల్స్‌లో (మౌఖిక పరీక్షల్లో) పనికొస్తుంది. రేడియోలో మాట్లాడటానికైతే 2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంవో) ఆమోదించిన వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి, వాటిని నోటికి తెచ్చుకోవాలి. రాత మాత్రం దానితో రాదు.

వ్యాసానికీ, లాగ్‌బుక్ రాతలాంటి రిపోర్టుకూ అసలు పడదు. వ్యాసంలో ఒకే మాటను నాలుగు రకాలుగా సాగదీస్తే మార్కులు పడతాయి. రిపోర్టులో సాగదీస్తే జరిగింది మరుగున పడుతుంది. మన పిల్లల రాతల్లో నాకు తరచూ కనిపించే లోపం ఇంకొకటుంది: కర్తను వదిలేయడం. తెలుగులో ‘వాల్వు మూసేశాం’ అంటే సరిపోతుంది. ఓడ మీద ఏ వాల్వు, ఎవరు, ఎన్ని గంటలకు అన్నీ కావాలి. సింగరేణిలో షిఫ్టు దిగేవాళ్లు వచ్చేవాళ్లకు పని అప్పగించినట్టే ఇదీ. మీ ఇంట్లో అలాంటి ఉద్యోగి ఉంటే అప్పగింతలో ఏమేం చెప్తారో అడగండి, చాలా తెలుస్తుంది.

గ్రామర్ పుస్తకం ఎవరికి ముందు? ‘నిన్న వాన పడింది’ అని ఇంగ్లిష్‌లో తప్పు లేకుండా రాయలేని తెలుగు మీడియం పిల్లలకు. వాళ్లు కూడా పుస్తకమంతా చదవక్కర్లేదు. భూతకాలం, ఆర్టికల్స్, చోటునూ సమయాన్నీ చెప్పే ప్రిపోజిషన్లు వస్తే లాగ్ రాతకు సరిపోతుంది. మిగతావాళ్లు రిపోర్టుతోనే మొదలుపెట్టి, తప్పు దొర్లిన చోట పుస్తకం తెరవడం మేలు.

సముద్రం లేదని ఆగక్కర్లేదు. కాజీపేట జంక్షన్‌లో కాసేపు కూర్చుని ఏ బండి ఎటు నుంచి, ఎన్నింటికి, ఏ ప్లాట్‌ఫాం మీదికి వచ్చిందో, వాతావరణం ఎలా ఉందో 24 గంటల లెక్కలో రాయండి. తప్పు రాస్తే చెరపకండి, వైట్‌నర్ పూయకండి. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టండి. లాగ్‌బుక్ పద్ధతి అదే. తర్వాత ఆ కాగితాన్ని అక్కడ లేని స్నేహితుడికివ్వండి. చదివి అతను ఏ ప్రశ్న అడిగితే ఆ జవాబు రిపోర్టులో లేదన్నమాట. అది చేర్చి మళ్లీ రాయండి.