వెలాసికోస్టర్: పట్టాలు లేచాక పేరు చెప్పిన రైడ్

మేం ఉండేది ఫ్లోరిడాలోని టాంపాలో. ఓర్లాండోలో ఉన్న యూనివర్సల్ థీమ్ పార్కుల పాస్ ఏళ్లుగా ఉంది. వాళ్ల రోలర్ కోస్టర్ వెలాసికోస్టర్ గురించి స్పీడు, ఎత్తు వివరాలు రాయను, అవి అందరికీ తెలిసినవే. నాకు ఈ రైడ్ మీద ఇంత ఇష్టం దాన్ని జనానికి చెప్పిన పద్ధతి వల్ల.

2020లో లాక్‌డౌన్ తర్వాత తెరిచేసరికి యూనివర్సల్ వాళ్ల ఐలండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో నీటి పక్కన కొత్త ట్రాక్ లేస్తోంది. వెళ్లినప్పుడల్లా ఇంకాస్త పెరిగేది. కంపెనీ మాత్రం నోరు విప్పలేదు. మా బావమరిది రెయిలింగ్ పట్టుకుని నిలబడి "బావా, ఈ మలుపు నీళ్ల మీదికే పోతుంది చూడండి" అని లెక్కలు వేసేవాడు, పక్కన ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా వచ్చి ఆ చర్చలో కలిసేవాళ్లు. సెప్టెంబరు చివర్లో పేరు చెప్పారు, వచ్చే వేసవికి అన్నారు, 2021 జూన్ 10న తెరిచారు. అంతే!

బయటి నుంచి అంతా చూసేశాం, ఇంకేం ఉంటుందిలే అనుకునే ఎక్కాను. చివర్లో నీటికి కాస్త పైన తలకిందులుగా తిప్పుతుంది, భుజాల మీద ఏమీ ఉండదు, తొడల మీద బార్ ఒక్కటే, ఒళ్లు సీటు నుంచి లేచిపోతుంది, కళ్లు తెరిస్తే పైన ఉండాల్సిన చోట నీళ్లు. ఎన్నిసార్లు ఎక్కినా అక్కడ అరుపు ఆగదు.

డిస్నీ వాళ్లది వేరే దారి, స్టేజీ మీద పాటలు, బొమ్మలతో ఏళ్ల ముందే చెప్తారు. ట్రాన్ అనే రోలర్ కోస్టర్‌ని 2017లో ప్రకటించి 2023 ఏప్రిల్‌లో తెరిచారు. వాళ్లదే ఎప్‌కాట్ పార్కుకి 2019లో చెప్పిన మేరీ పాపిన్స్ రైడ్ రానేలేదు.

అలాగని యూనివర్సల్ ప్రతిసారీ ఇలాగే చేస్తుందని చెప్పలేను. ఎపిక్ యూనివర్స్ అనే కొత్త పార్కుని 2019 ఆగస్టులోనే ఆర్భాటంగా ప్రకటించారు, కరోనాతో పని ఆగి, మళ్లీ మొదలై, తెరిచేసరికి 2025 మే అయింది. కొత్త పార్కంటే అంత స్థలం, అంత డబ్బు, దాచిపెట్టడం కుదరదు కూడా.

ఇంకో సంగతి, నాది కారెక్కితే గంటంబావులో చేరేవాడి మాట. డాలస్‌లో మా అన్నయ్య వాళ్లు పిల్లల సెలవులు చూసుకుని నెలల ముందే ఫ్లైట్ టికెట్లు కొంటారు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వీసా తేదీలు కూడా చూసుకోవాలి. వాళ్లకి ముందుగా చెప్పే పార్కే నయం, ఆ తేదీ నిలబడితే.