శనివారం నాడు ఫ్రెంచి బేకరీకి

నాన్న కంటి చెకప్ కోసం కావలి నుంచి నెల్లూరు వెళ్లాం. శుక్రవారం సాయంత్రం చూసిన డాక్టరు, మర్నాడు మధ్యాహ్నం మళ్లీ రమ్మన్నాడు. యాభై కిలోమీటర్లే కదా, పోయి రావచ్చు. కానీ కళ్లలో చుక్కలు వేసుకుని లైట్లు చూడలేకపోతున్న మనిషిని రాత్రి బస్సెక్కించడం ఇష్టం లేక బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం.

లాడ్జి గురించి రెండు ముక్కలు. ఏసీ గది 1,400. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. ఏసీ రిమోటు మాత్రం కింద కౌంటర్లో ఉంటుందట, చలి ఎక్కువైతే మెట్లు దిగి వెళ్లి చెప్పాలి. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది వరకే. బస్సు దిగి నడిచి పోవచ్చన్న ఒక్క కారణానికే మళ్లీ అక్కడ దిగుతానేమో.

మాగుంట లేఅవుట్లో ఫ్రెంచి బేకరీ ఒకటి ఉందని ఫోన్లో పట్టింది మావాడు. "నెల్లూరొచ్చి కారం దోసె తినకుండా రొట్టెలేందిరా" అని నాన్న సణిగాడు. ఆటో అతను 120 అడిగి 80కి వచ్చాడు. బేకరీ పేరు మా ముగ్గురిలో ఎవరికీ నోరు తిరగలేదు, అతనికీ అర్థం కాలేదు. చివరికి "కొత్త కేకుల షాపా అక్కా" అని తనే అడిగి సరిగ్గా గుమ్మం ముందు దించాడు.

చిన్న కొట్టు, నాలుగే బల్లలు. తలుపు తీయగానే నెయ్యి కాచినప్పటి వాసన లాంటిది ముఖానికి కొట్టింది. అద్దం వెనక ఏసీ గదిలో ఓనరే పిండి ఒత్తుతున్నాడు. నెల్లూరు కుర్రాడే, పుదుచ్చేరి బేకరీలో ఆరేళ్లు పనిచేసి వచ్చాడట. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు కాబట్టి ఆ పని అక్కడ ఇంకా బతికే ఉంది.

మావాడు క్రోసాంట్లు చెప్పాడు. అంతలో నాన్న, "ఈరోజు శనివారం, ఇందులో గుడ్డు లేదు గదా?" అన్నాడు. కౌంటర్లో అమ్మాయి "వెజ్జే సార్" అనేసింది. ఆ మాట విని లోపలి నుంచి ఓనరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "పైన మెరుపు కోసం గుడ్డు పూస్తాం పెద్దాయనా. మీరు తినబాకండి" అని చెప్పాడు. అమ్మకం పోయినా నిజం చెప్పినందుకు నాకు ఆ షాపు మీద అక్కడే గురి కుదిరింది. కేకుల్లో గుడ్డుందో లేదో అడిగి తినే అలవాటు మనకుంది. పైన పూసిన గుడ్డు సంగతి ఎవరం అడుగుతాం?

నాన్నకు బాగెట్ ఇచ్చాడు. మూరెడు పొడుగు, కర్రలా ఉంటుంది. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు తప్ప అందులో ఇంకేమీ వేయడట. ఫ్రాన్సులో సంప్రదాయ బాగెట్ అని పేరు పెట్టి అమ్మాలంటే ఇంతకు మించి దాదాపు ఏమీ కలపకూడదని 1993లో ఏకంగా ప్రభుత్వ ఉత్తర్వే వచ్చింది. నాన్న దాన్ని విరిస్తే పెళపెళమంది. చొక్కా మీదా పంచె మీదా పొట్టు. ఒక ముక్క కాఫీలో ముంచుకున్నాడు. నేను నవ్వబోయాను గానీ, ఫ్రెంచివాళ్లు కూడా పొద్దున పూట అలాగే ముంచుకు తింటారని తర్వాత గుర్తొచ్చింది. రెండో ముక్కకు సంచీలోంచి గూడూరు నిమ్మకాయ ఊరగాయ సీసా తీశాడు. "రొట్టెలు మనకేం కొత్తా? బారాషహీద్ దర్గా కాడ రొట్టెల పండక్కి ఎన్ని మార్చుకోలా" అన్నాడు. అవి చపాతీల్లాంటివి, ఇది వేరే అని వాదించే ఓపిక నాకు లేదు.

క్రోసాంట్ నేనూ మావాడూ తిన్నాం. మన బేకరీల్లో కర్రీ పఫ్ ఉంటుందే, దానికి పెదనాన్న కొడుకు అనుకోండి. రెంటికీ పొరలే ప్రాణం. పఫ్ పిండిలో ఈస్టు ఉండదు, మనవాళ్లు ఎక్కువగా వనస్పతితోనే కానిస్తారు. దీంట్లో ఈస్టు, వెన్న. పిండి మధ్య వెన్న పలక పెట్టి, మూడు మడతలు వేసి ఒత్తి, మళ్లీ మడిచి, అలా మూడుసార్లు చేస్తే వెన్న 27 పొరలవుతుంది. వెన్నేమో 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. ఏప్రిల్లో నెల్లూరు ఎండ సంగతి చెప్పాలా? అందుకే రాత్రి రెండింటికే పని మొదలుపెడతాడట, ఆ అద్దాల గది ఏసీ ఆపితే పొరలన్నీ కలిసి బన్ను అయిపోతాయట. మధ్యకు విరిచి చూస్తే లోపల తేనెపట్టులా గుల్లగుల్లగా, పసుప్పచ్చగా ఉంది. 110 రూపాయలు. ఎక్కువే, కానీ ఆ పనికి తగిందే.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. డాక్టరు పని ఒంటిగంటన్నరకే అయిపోయింది. పొద్దున బోర్డు మీద లంచ్ అని చూసిన మావాడు పట్టుబట్టి మళ్లీ తీసుకెళ్లాడు. ముప్పై అయిదు నిమిషాలు కూర్చోబెట్టారు, వంటింట్లో ఒక్కడే మనిషి. కీష్ అని గుడ్డూ మీగడా పోసి కాల్చిన ఉప్పు కేకు లాంటిది మావాడికి తెచ్చారు. పొద్దున్న చేసినదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టారు కాబోలు, అడుగు పెచ్చు తడిసిన అట్టలా సాగింది. ఉల్లిపాయ సూప్ మా ఇంటి చారు కంటే పల్చన. నాన్నకు రాటటూయి చెప్పాం. వంకాయ, టమాటా, క్యాప్సికం, జుకినీ నూనెలో మగ్గించే కూర, దక్షిణ ఫ్రాన్సులో నీస్ ఊరిది. కూర నిజంగా బాగుంది. నాన్న గిన్నె ఖాళీ చేసి, "వంకాయ కూర బాగుండాది. అన్నం ఎప్పుడు తెస్తారు?" అని అడిగాడు. కౌంటర్లో అమ్మాయి ముఖం చూడలేకపోయాను.

ముగ్గురికీ 710 అయింది. అక్కణ్నుంచి ట్రంకు రోడ్డుకు పరిగెత్తి, మూడింటికి షట్టరు దించబోతున్న మెస్సులో నాన్నకు పప్పు, పెరుగన్నం పెట్టించాను. నన్నడిగితే ఆ బేకరీకి పొద్దున ఎనిమిదిన్నర లోపల పోవాలి, మధ్యాహ్నం ఆ వైపు చూడనక్కర్లేదు. వడ్డించే తీరుకు వంక లేదు, నీళ్లు అడక్కుండానే పోశారు, పెద్దాయనకు కుర్చీ జరిపారు. మనుషులే చాలడం లేదు.

ఇంటికని రెండు క్రోసాంట్లు, ఒక చాక్లెట్‌ది కట్టించుకున్నాం. మూత కదలకుండా పురికొస కట్టి ఇచ్చారు. బస్సులో ఒళ్లో పెట్టుకున్నా చాక్లెట్‌ది కరిగి అట్టపెట్టెకు అంటుకుపోయింది.

ఆదివారం పొద్దున మిగతా రెంటినీ దోసె పెనం మీద సన్నమంట పెట్టి, మూత వేసి వెచ్చచేశాను. పైపొర మళ్లీ కరకరలాడింది, ఇల్లంతా వెన్న వాసన. శనివారం అయిపోయింది గదా, నాన్న ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సగం తిన్నాక, "దీనికి ఊరగాయ అక్కర్లేదు" అని సీసా పక్కకు జరిపాడు.