రెడ్, బ్రౌన్, బ్లూ, మాగ్నెటిక్: రాతకూ ఆటకూ ఒకే కీబోర్డు కొనేవారికి ఏది మేలు?

పగలు ఆఫీసు పని, రాత్రి ఆట ఒకే బల్ల మీద సాగించేవారు, ప్రతి మీట కిందా విడిగా ఒక స్విచ్ ఉండే మెకానికల్ కీబోర్డు కొనబోయేటప్పుడు సాధారణంగా రెండు అంకెలు చూస్తారు: మీటను నొక్కడానికి ఎంత బలం కావాలి, ఎంత లోతుకు దిగితే అక్షరం నమోదవుతుంది అని. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది, వేలు పైకి లేచేటప్పుడు ఆ మీట ఎక్కడ విడుదలవుతుందన్నది, అంటే వదిలినట్టు ఎక్కడ లెక్కకు వస్తుందన్నది. తెలుగు టైపు చేసేవారికీ, తుపాకీ ఆటలు ఆడేవారికీ స్విచ్‌ల మధ్య అసలు తేడా అక్కడే తెలుస్తుంది.

జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ తన ఎంఎక్స్ స్విచ్‌లకు పెట్టిన రంగులే నేటికీ ఈ విపణికి కొలమానాలు. గేటరాన్, కైల్, ఔటెము వంటి సంస్థలు కూడా చాలావరకు ఆ రంగులనే అనుసరిస్తాయి. రెడ్ లీనియర్ రకం: మొదటి నుంచి చివరి వరకు ఏ అడ్డూ లేకుండా దిగుతుంది, సుమారు 45 సెంటీన్యూటన్ల (దాదాపు 45 గ్రాముల బరువంత) బలంతో 2 మిల్లీమీటర్ల వద్ద పనిచేస్తుంది, మొత్తం 4 మిల్లీమీటర్లు కదులుతుంది. బ్రౌన్ టాక్టైల్ రకం: దారిలో ఒక చిన్న మిట్ట వేలికి తగులుతుంది, బలం సుమారు 55. బ్లూలో ఆ మిట్టకు తోడు టక్కుమనే శబ్దం కూడా ఉంటుంది, బలం 60కి చేరుతుంది, పనిచేసే లోతు 2.2 మిల్లీమీటర్లు.

బ్లూను మొదటే పక్కన పెట్టవచ్చు. దాని లోపలి కదిలే భాగం రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కల కదలిక వల్లనే శబ్దం పుడుతుంది, దానివల్లనే మీట నమోదయ్యే చోటుకూ విడుదలయ్యే చోటుకూ ఎడం కూడా పెరుగుతుంది. అంటే అదే అక్షరాన్ని వెంటనే మళ్లీ కొట్టాలంటే వేలిని మరింత పైకి ఎత్తాలి. ఇంగ్లిష్ లిపిలో కొట్టి తెలుగు రాబట్టే పద్ధతిలో దీర్ఘానికి ‘ఏ’ రెండుసార్లు, ‘అమ్మ’కు ‘ఎం’ రెండుసార్లు కొట్టవలసిందే కనుక ఈ ఎడం తెలుగు రాసేవారికి ఎక్కువగా తెలుస్తుంది. ఇక మే నెలలో ఏసీ ఉన్న ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునే హైదరాబాదు ఇళ్లలో, ముగ్గురేసి ఉండే పీజీ హాస్టళ్లలో రాత్రిపూట దాని శబ్దం గురించి వేరే చెప్పనక్కరలేదు.

అసలు పోటీ రెడ్‌కూ బ్రౌన్‌కూ మధ్యనే. రెడ్ ఆటలో హాయిగా ఉంటుంది. కదలికల కోసం మీటను చాలాసేపు నొక్కి పట్టవలసివచ్చినా తక్కువ బలం కనుక వేలు అలసిపోదు. రాతలో మాత్రం ఆ తేలికదనమే చిక్కు తెస్తుంది: విశ్రాంతిగా మీట మీద ఉంచిన వేలు కాస్త బరువెక్కినా అక్కరలేని అక్షరం పడుతుంది, నమోదైందో లేదో తెలియక ప్రతి మీటనూ అట్టడుగుదాకా కొట్టే అలవాటు పడుతుంది. బ్రౌన్ ఆ సందేహాన్ని కొంత తీరుస్తుంది. కొంత అనడానికి కారణం, దాని మిట్ట మరీ చిన్నది. మీటల కింద రబ్బరు పొర ఉండే మామూలు మెంబ్రేన్ కీబోర్డు నుంచి వచ్చేవారికి అది ఉన్నట్టే తోచకపోవచ్చు. ఎక్కువగా రాసేవారు టాక్టైల్ కోరుకుంటే, బ్రౌన్ కన్నా మిట్ట స్పష్టంగా తెలిసే రకాన్ని ఎంచుకోవడం మేలు.

మాగ్నెటిక్ స్విచ్‌ల సంగతి వేరు. వీటిలో లోహపు పలకలు తాకవు. మీట అడుగున ఉన్న అయస్కాంతం ఎంత దిగిందో, అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే హాల్ ఎఫెక్ట్ సెన్సర్ కొలుస్తుంది. అందువల్ల పనిచేసే లోతును మనమే నిర్ణయించుకోవచ్చు, వేలు కాస్త పైకి కదిలిన క్షణంలోనే మీటను విడుదల చేయించవచ్చు. దీనినే రాపిడ్ ట్రిగ్గర్ అంటారు. నెదర్లాండ్స్‌కు చెందిన వూటింగ్ సంస్థ వల్ల ఇది ప్రాచుర్యం పొందింది. వాలొరాంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి తుపాకీ ఆటల్లో పరుగెత్తుతూ కాలిస్తే గురి చెదురుతుంది, ఠక్కున ఆగి కాల్చాలి; కనుక మీట ఎంత త్వరగా విడుదలైతే అంత లాభం. అయితే ఎదురెదురు దిశల మీటల్లో చివర నొక్కినదానినే కీబోర్డు తనంతట తాను లెక్కించే స్నాప్ ట్యాప్ వంటి సౌకర్యాలను 2024 ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ 2 తయారీదారు వాల్వ్ సంస్థ ఆ ఆట అధికారిక సర్వర్లలో నిషేధించింది. రాపిడ్ ట్రిగ్గర్‌కు ఆ అడ్డు లేదు. రాతకు వచ్చేసరికి ఇవి దాదాపు అన్నీ లీనియర్ రకాలే, ఆట కోసం తక్కువగా పెట్టుకున్న లోతును 2 మిల్లీమీటర్లకు మార్చుకోకపోతే తప్పులు కుప్పలుగా పడతాయి. ధర కూడా సాధారణంగా ఎక్కువే.

కాబట్టి రోజులో ఎక్కువ భాగం రాసేవారికి స్పష్టమైన టాక్టైల్, రెండూ సమానంగా చేసేవారికి రెడ్ కన్నా కాస్త బరువైన (నొక్కడానికి ఎక్కువ బలం కోరే) లీనియర్, పోటీ ఆటలే ప్రాణమైనవారికి మాత్రమే మాగ్నెటిక్ అని నా అభిప్రాయం. ఏది కొన్నా, టంకం అవసరం లేకుండా స్విచ్ ఊడదీసి మార్చగలిగే హాట్‌స్వాప్ కీబోర్డునే అడగండి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరికలో పొల్లు గుర్తు ‘డి’ మీట మీద ఉంటుంది, ప్రతి ఒత్తుకూ అది కావాలి. ఆటలో కుడివైపు కదలడానికీ అదే మీట. అది ముందుగా అరిగితే ఆ ఒక్క స్విచ్‌నే మార్చుకోవచ్చు, కావాలంటే దాని కింద మాత్రం కాస్త బరువైనది పెట్టుకోవచ్చు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో కంప్యూటరు దుకాణాలుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లినప్పుడు ఒక మీటను ఒక్కసారి నొక్కి చూసి వదిలేయకుండా, బల్ల మీద కీబోర్డు పెట్టించుకుని జంట అక్షరాలున్న నాలుగు తెలుగు వాక్యాలు టైపు చేసి చూడండి. స్విచ్ గుచ్చే సాకెట్ మూడు కాళ్ల (పిన్నుల) స్విచ్‌లకా, ఐదు కాళ్లవాటికి కూడానా అన్నది బిల్లు వేయించే ముందే అడగండి.