ఏ ఓడలో ఏ వయసువాళ్లు: అమ్మానాన్నలతో రెండు క్రూజ్‌లు

మా నాన్నకు 73 ఏళ్లు, అమ్మకు 67. కిందటేడు ఫిబ్రవరి చివర్లో ధవళేశ్వరం నుంచి డల్లాస్‌లో మా ఇంటికి వచ్చారు. ఉన్న ఆరు నెలల్లో వాళ్లను రెండుసార్లు క్రూజ్‌కి తీసుకెళ్లాను. మార్చిలో టెక్సస్ రేవు గాల్వెస్టన్ నుంచి మెక్సికో వైపు అయిదు రాత్రులు, మే నెలలో సియాటెల్ నుంచి అలాస్కాకు ఏడు రాత్రులు. మొదటిసారి నాన్న మూడో రోజుకే "ఇంటికెప్పుడు వెళ్తామమ్మా?" అని అడిగారు. రెండోసారి, దిగే రోజు పొద్దున్న టిఫిన్ బల్ల దగ్గర కబుర్లలో ఉన్న మనిషిని లేవదీయడానికి నేను రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది.

గదులు రెండు చోట్లా ఒకేలా ఉన్నాయి. తిండీ ఇంచుమించు అంతే. మారింది చుట్టూ ఉన్న మనుషుల వయసు. టికెట్లు కొనేటప్పుడు ధర చూశాను, ఊళ్లు చూశాను, బాల్కనీ ఉందా అని చూశాను. ఎక్కేవాళ్లు ఎవరో మొదటిసారి చూడలేదు.

క్రూజ్ అంటే రిటైరైనవాళ్లకే అని కొందరంటారు, పిల్లల గోల భరించలేం అని కొందరంటారు. ఎవరికి వాళ్లు తాము ఎక్కిన ఓడ సంగతే చెబుతున్నారు. క్రూజ్ సంస్థల అంతర్జాతీయ సంఘం సీఎల్ఐఏ లెక్కల్లో ప్రయాణికుల సగటు వయసు 46, 47 ఏళ్ల దగ్గర ఉంటోంది. మూడో వంతుకు పైగా 40 ఏళ్ల లోపువాళ్లే. ఈ సగటుతో మనకు ఒరిగేది తక్కువ. డెబ్బై ఏళ్ల తాతనీ ఇరవై ఏళ్ల మనవణ్నీ కలిపి లెక్కేస్తే 45 వస్తుంది, ఆ 45 ఏళ్ల మనిషి మాత్రం ఓడలో ఎక్కడా కనపడడు.

గాల్వెస్టన్‌ను ఎంచుకోవడానికి కారణం సౌకర్యం. డల్లాస్ నుంచి కారులో అయిదు గంటలు, విమానం ఖర్చు లేదు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి మనవాళ్లకు వేరే వీసా అక్కర్లేదు. పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్. నాకు కలిసొచ్చినవన్నీ టెక్సస్‌లో ఉన్న ప్రతి కుటుంబానికీ కలిసొస్తాయన్న మాట అప్పుడు తట్టలేదు. తక్కువ రోజులు, స్కూళ్ల సెలవులు, కారులో వెళ్లగలిగే రేవు. ఈ మూడూ కలిస్తే ఓడ నిండా ముప్పై, నలభైల్లో ఉన్న అమ్మానాన్నలు, పసిపిల్లలు, గుంపులు గుంపులుగా టీనేజర్లు. మా పెద్దాడికి పదమూడు, చిన్నదానికి ఎనిమిది. వాళ్లకది పండగే. వాటర్ స్లైడ్ల దగ్గర నుంచి కదల్లేదు, రాత్రి పది దాకా కిడ్స్ క్లబ్బు.

నాన్నకు కుడి చెవి సరిగ్గా వినపడదు, మెషీన్ పెట్టుకుంటారు. స్విమ్మింగ్ పూల్ ఉన్న డెక్ మీద పొద్దున్న పది నుంచి స్పీకర్లు. ఆ చెవి మెషీన్‌లో పాట, పిల్లల కేకలు, పళ్లేల చప్పుడు అన్నీ ఒక్కటై పోటెత్తుతాయి. తీసేస్తే ఎవరు ఏమన్నా వినపడదు. ఆయన మెషీన్ తీసి జేబులో పెట్టుకుని, రోజంతా ఏడో డెక్ మీద ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. లిఫ్టు కోసం భోజనాల వేళ పది పదిహేను నిమిషాలు నిలబడాలి. అమ్మ మోకాళ్లతో మెట్లెక్కలేదు. పక్కపక్క గదులు కావాలని ముందే రాయించుకున్నా, తీరా ఎక్కాక వాళ్ల గది ఓడ ఆ చివర, మాది ఈ చివర. కౌంటర్లో అడిగితే ఓడ నిండిపోయింది, ఏమీ చేయలేమన్నారు. వేళ కాని వేళ అమ్మ ఫోన్ చేయడానికి కూడా ఆ గోడ ఫోను వాడకం తెలియక ఇబ్బంది పడింది. ఆ విషయం ఇంటికొచ్చాక చెప్పింది. అది వినగానే నాకు చాలా బాధేసింది.

ఆ ప్రయాణంలో నాన్న ముఖం వెలిగింది ఒక్కచోటే, మెక్సికో రేవు ప్రోగ్రెసోలో. అక్కడ తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. అందుకని రేవు కట్టడాన్ని ఆరున్నర కిలోమీటర్లు సముద్రంలోకి లాక్కెళ్లారు. ఓడ ఆ చివర ఆగితే బస్సులో ఊళ్లోకి రావాలి. "మన కాకినాడ యాంకరేజి పోర్టులో ఓడలు దూరంగా ఆగితే బార్జీల్లో సరుకు తెస్తారు. వీళ్లు ఏకంగా రోడ్డే వేసేశారే!" అని బస్సు కిటికీలోంచి స్తంభాలు లెక్కపెట్టారు. ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి మరి.

అలాస్కాకు మాత్రం ఎవరు ఎక్కుతారన్నది ముందు చూసి, తర్వాతే ధర చూశాను. ఎలాగంటే, మే మొదటి సగంలో ఇక్కడి స్కూళ్లు ఇంకా నడుస్తుంటాయి కాబట్టి చదువుకునే పిల్లలున్నవాళ్లు రారు. ఏడు రాత్రులంటే వారం సెలవు కావాలి. సియాటెల్ దాకా విమానం ఖర్చు వేరే. ఓడ పటంలో వాటర్ స్లైడ్లు, గోడలెక్కే ఆటలు లేవు, లైబ్రరీ ఉంది, పేకాట గది ఉంది, సాయంత్రం పియానో ఉంది. ఇవి చాలు, లోపల ఎవరుంటారో తెలిసిపోతుంది. పిల్లల్ని మా ఆయనకు అప్పజెప్పి నేను, అమ్మ, నాన్న బయలుదేరాం.

సియాటెల్ రేవులో వరసలో నిలబడగానే నాన్న చుట్టూ చూసి, "మన బళ్లోకి వచ్చినట్టుందే!" అన్నారు. ఎటు చూసినా తెల్లటి తలలు. చేతికర్రలు, వాకర్లు, బ్యాటరీ స్కూటర్లు. మూడు తరాలు కలిసి వచ్చినవాళ్లూ ఉన్నారు కానీ వాళ్లలోనూ మనవలు పెద్దవాళ్లే. ఓడలో సిబ్బంది మెల్లగా, ముఖంలోకి చూసి మాట్లాడుతున్నారు. లిఫ్టులో ఎవరూ తోసుకోలేదు. రాత్రి తొమ్మిదిన్నరకే నడవాలన్నీ నిశ్శబ్దం.

భోజనానికి వేరేవాళ్లతో కలిసి కూర్చునే బల్ల అడిగాను. ఇది నేను చేసిన మంచి పని. రెండో రాత్రి మా బల్ల దగ్గరికి వచ్చిన పెద్దాయనకు 79 ఏళ్లు. వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు వైపు ఊరు, కొలంబియా నది మీద ఒక ఆనకట్టలో గేట్ల నిర్వహణలో పనిచేశారట. అది వినగానే నాన్న చెవి మెషీన్ సర్దుకున్నారు. కాగితపు నాప్‌కిన్ మీద గోదావరిని గీశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఆనకట్ట నాలుగు భాగాలు. కాటన్ దొర 1852కు పూర్తిచేసిన ఆనకట్ట, ఇప్పుడున్న బ్యారేజీ. "వన్ సెవంటీఫైవ్ గేట్స్" అన్నారు. ఆ పెద్దాయన ఆశ్చర్యపోయి, వరదొస్తే ఏ వరసలో ఎత్తుతారు అని అడిగారు. ఇక ఆ బల్ల వాళ్లిద్దరిదే. నాన్న ఇంగ్లిషు అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. డల్లాస్‌లో పొద్దున్నే నడకకు వెళ్తే వీధిలో పలకరించే మనిషి ఉండడు. మేము ఆఫీసులకు, పిల్లలు బడికి పోతే సాయంత్రం దాకా ఇద్దరూ ఆ ఇంట్లోనే. అమెరికాలో నాన్నకు తన వయసు మనిషి దొరికింది ఆ ఓడలోనే.

అమ్మకు కూడా తోడు దొరికింది. భర్తలు పోయిన నలుగురు స్నేహితురాళ్లు ఏటా కలిసి తిరుగుతారట, అందరిలోకి పెద్దామెకు 84. మధ్యాహ్నం ఊలుతో అల్లికలు పెట్టుకుని కూర్చునేవారు. అమ్మకు క్రోషా వచ్చు. మాటలు పెద్దగా లేకుండానే నాలుగు రోజులు గడిచిపోయాయి.

తిండి గురించి రెండు మాటలు. మొదటి రోజే హెడ్ వెయిటర్‌తో శాకాహారం, మన పద్ధతిలో కావాలని చెబితే మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం విడిగా వచ్చాయి. వంటశాలల్లో మన దేశం వాళ్లు చాలామందే ఉంటారు. ఇంట్లో చేసిన పచ్చళ్లు చాలా ఓడల్లోకి రానివ్వరు, కొట్లో కొన్న సీలు ప్యాకెట్లు తీసుకెళ్లండి.

దిగిన ఊళ్లలో, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నా మొదటి ఓటు స్కాగ్వేలోని రైలుకే. బంగారం వేటకాలంలో, 1898 నుంచి 1900 దాకా కట్టిన మూడడుగుల గేజి లైను అది. పెట్టెలో కూర్చుంటే వైట్ పాస్ కొండ మీదకు తీసుకెళ్లి మళ్లీ తెచ్చి దింపుతుంది. నడక లేదు, కిటికీలోంచి లోయ. ఖరీదే, కానీ ఆ డబ్బుకు తగ్గది. జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం దగ్గరికి బస్సులో వెళ్లి చూసి వచ్చాం. కెచికాన్‌లో వాన, కాసేపు తిరిగి ఓడెక్కేశాం.

గ్లేసియర్ బే రోజు ఎక్కడా దిగనే అక్కర్లేదు. ఆ నేషనల్ పార్కులోకి రోజుకు రెండు పెద్ద క్రూజ్ ఓడల్నే రానిస్తారు. పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి మన ఓడెక్కి మైకులో వివరిస్తారు. 1794లో బ్రిటిష్ నావికుడు వాంకోవర్ బృందం వచ్చినప్పుడు ఆ అఖాతం నోటి దగ్గరే మంచుగోడ అడ్డంగా ఉందట. 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి అది పదుల మైళ్లు వెనక్కి వెళ్లిపోయింది. మార్జరీ హిమానీనదం ముందు ఓడ ఆగి, రెండు వైపులవాళ్లూ చూసేలా మెల్లగా తిరిగింది. అంతమంది ఉన్న డెక్ మీద ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. మంచు విరిగి నీళ్లలో పడ్డ శబ్దం నాన్నకు మెషీన్‌లోంచి స్పష్టంగా వినపడింది.

ఇదే ఓడకు మా పిల్లల్ని తీసుకెళ్తే రెండో రోజుకే బిక్కమొహాలు వేసేవారు. పాతికేళ్ల మా మేనత్త కొడుకు ఇలాంటి ప్రయాణానికే వెళ్లి, పలకరించే వయసువాడు ఒక్కడూ లేడని చెప్పాడు. పిల్లలు లేని ఓడలన్నీ ఒకటే అనుకోకండి. వర్జిన్ వోయేజెస్, వైకింగ్ రెండూ 18 నిండినవాళ్లనే ఎక్కించుకుంటాయి. మొదటిది పార్టీలు, సంగీతం ఇష్టపడే వయసువాళ్లది, రెండోది మ్యూజియాలు, ఉపన్యాసాలు ఇష్టపడే రిటైరైనవాళ్లది. బ్రిటన్‌లో సాగా అనే సంస్థ ఓడలు 50 దాటినవాళ్ల కోసమే. పసిబిడ్డలుంటే, చాలా సంస్థల్లో కనీసం ఆరు నెలలు నిండాలి, రోజుల తరబడి రేవు తగలని ప్రయాణాలకు ఏడాది. వందరోజులు ప్రపంచం చుట్టే ప్రయాణాలకు వెళ్లేవాళ్లు ఎవరో వేరే చెప్పాలా, ఉద్యోగం ఉన్నవాడికి వంద రోజుల సెలవు ఎవరిస్తారు?

మన దగ్గర పరిస్థితి ఇంకో రకం. 2022 జూన్‌లో కార్డెలియా ఓడ మొదటిసారి విశాఖ నుంచి బయలుదేరిన రోజుల్లో మా తమ్ముడు, మరదలు వెళ్లొచ్చారు. ఆ ఓడ 1990లో తయారైంది, అమెరికా వైపు చాలా ఏళ్లు తిరిగి మన దేశానికి వచ్చింది. రెండు మూడు రాత్రుల ప్రయాణం. లోపల కొత్తగా పెళ్లయినవాళ్లు, ఆఫీసు బృందాలు, అమ్మమ్మల నుంచి చంటిపిల్లల దాకా మొత్తం కుటుంబాలు. ముసలివాళ్లు విడిగా జంటగా రావడం మన దగ్గర ఇంకా తక్కువే, పిల్లలు తీసుకొస్తేనే వస్తారని తమ్ముడి మాట. విశాఖలో 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ధవళేశ్వరం నుంచి నాలుగైదు గంటల్లో చేరుకోగల రేవు అది. అమ్మానాన్నలు తమంతట తాము ఎక్కే రోజు రావాలని నా కోరిక.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు డబ్బు లెక్కలో రెండు చేర్చుకోండి. టిప్పుల కింద మనిషికి రోజుకు 16, 18 డాలర్లు చాలా ఓడల్లో బిల్లులోనే పడిపోతాయి. ఓడలో డాక్టరు ఉంటాడు కానీ ఫీజు గట్టిది. నడిసముద్రం నుంచి హెలికాప్టర్లో ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఆ ఖర్చు ఊహకందదు. అత్యవసర తరలింపు కూడా కలిసిన ఇన్సూరెన్సు లేకుండా డెబ్బై దాటినవాళ్లను ఎక్కించకండి. గది లిఫ్టుకు దగ్గరగా, ఓడ మధ్యలో తీసుకోండి, అక్కడ ఊపు తక్కువ. వీల్‌చెయిర్ పట్టే గదులు కొద్దే ఉంటాయి, నెలల ముందే అయిపోతాయి.

సియాటెల్ నుంచి అలాస్కా వెళ్లేవాళ్లకు ఇంకో ముఖ్య విషయం. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికాలోనే ఎక్కించి దింపాలంటే మధ్యలో విదేశీ రేవు ఒకటి తాకాలి. అందుకే చివర్లో కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగుతారు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వీసా తప్పనిసరి. అక్కడ దిగం, గదిలోనే ఉంటాం అన్నా ఒప్పుకోరు, రేవులోనే ఆపేస్తారు. మా వరసలో ముందున్న ఒక తెలుగు జంటకు అదే జరిగింది. వాళ్ల కొడుకు కళ్లలో నీళ్లు చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

ఈసారి మా అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. ఇద్దరికీ అరవై దాటలేదు, మనవలతో ఆటలంటే ప్రాణం. మామయ్యగారు నీళ్లలో దిగితే పైకి రారు. పిల్లలతో కలిపి గాల్వెస్టన్‌కే తీసుకుందామని మా ఆయన. అలాస్కా కూడా చూపిద్దాం, అయితే జూలైలో, పిల్లలున్న ఓడలో అని నేను. గదులు పట్టి ఉంచాను. కెనడా వీసాకు అత్తయ్యగారి వేలిముద్రలు ఇంకా ఇవ్వాలి.