ద్రవాల స్నిగ్ధత కిట్: మా అమ్మాయి వైజ్ఞానిక ప్రదర్శన అనుభవం

మా అమ్మాయి బడిలో జరిగే వైజ్ఞానిక ప్రదర్శన కోసం హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక దుకాణంలో 450 రూపాయలకు ఈ కిట్ కొన్నాను. అందులో 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టాలు నాలుగు, 5 మిల్లీమీటర్ల ఉక్కు గోళీలు, ఒక స్టాప్‌వాచ్, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి.

గోళీ అడుగుకు చేరే సమయాన్ని బట్టి ద్రవం చిక్కదనాన్ని, అంటే స్నిగ్ధతను, అంచనా వేయడమే ఇందులోని ప్రయోగం. 1851లో శాస్త్రవేత్త స్టోక్స్ ప్రతిపాదించిన సూత్రమే దీనికి ఆధారం. నీటిలో గోళీ అర సెకను లోపే అడుగుకు చేరడంతో కొలవడం సాధ్యం కాలేదు. ఆముదంలో మాత్రం ప్రయోగం అద్భుతంగా కుదిరింది: మన వరంగల్ ఎండల్లో గది వేడికి దాదాపు రెండు సెకన్లు పట్టిన గోళీకి, అదే నూనెను ఫ్రిజ్‌లో పెట్టి తీశాక పది సెకన్లకు పైగా పట్టింది. ఉష్ణోగ్రత తగ్గితే స్నిగ్ధత పెరుగుతుందని చెప్పడానికి ఇంతకంటే సులువైన మార్గం నాకు కనిపించలేదు.

పుస్తకంలో స్నిగ్ధత అనవలసిన చోట సాంద్రత అని అచ్చు వేయడం పెద్ద లోపం. ఆముదం నీటిపై తేలుతుంది, అంటే దాని సాంద్రత తక్కువ. అయినా అది నీటికంటే ఎన్నో రెట్లు చిక్కన. గొట్టాల మూతలు కూడా కారుతున్నాయి, కాబట్టి కింద పాత పేపరు పరుచుకోవడం తప్పనిసరి. గోళీలు పోతే సైకిల్ దుకాణంలో బేరింగ్ గోళీలు దొరుకుతాయి. ఐదుకు మూడు మార్కులు ఇస్తాను.