మూడేళ్లుగా చేతికున్న ఫిట్‌నెస్ బ్యాండ్: నడిపించింది, మధ్యలో మాన్పించింది కూడా

కొన్న వారానికే రివ్యూ రాసేస్తుంటారు చాలామంది. మొదటి వారంలో ఏ బ్యాండైనా బాగానే పనిచేస్తుంది, ఏ మనిషైనా బాగానే నడుస్తాడు. నేను కట్టుకుని మూడేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. నాది మామూలు రకం. అడుగులు లెక్కపెడుతుంది, గుండె వేగం చూపిస్తుంది, నిద్ర గురించి ఏదో చెబుతుంది. కంపెనీ పేరు అనవసరం, చెప్పబోయేవి దాదాపు అన్ని బ్యాండ్లకూ వర్తిస్తాయి.

కొనడానికి కారణం ఒక రక్తపరీక్ష కాగితం. ఫాస్టింగ్ షుగర్ 114 వచ్చింది. 100 నుంచి 125 మధ్య ఉంటే షుగర్ జబ్బుకి ముందు మెట్టు అంటారు. డాక్టర్ మందులేమీ రాయలేదు, "ముందు నడవండి, చూద్దాం" అన్నారు. అప్పటికే నేను మూడుసార్లు జిమ్‌లో చేరి మూడుసార్లూ మానేసిన ఘనుణ్ణి. నామీద నాకు నమ్మకం లేదు, అందుకే ఒక యంత్రాన్ని కాపలా పెట్టుకున్నాను.

ఆఫీసులో తెగ తిరిగాననుకున్న మొదటి రోజున 2,300 అడుగులు చూపించింది. పాడైపోయిందేమోనని నోటితో లెక్కపెట్టుకుంటూ వంద అడుగులు నడిచి చూశాను. 98 చూపించింది. పాడైంది అది కాదని అప్పుడర్థమైంది. ఈ ఒక్క పనికే దానికి పెట్టిన డబ్బులు చెల్లిపోయాయి అంటాను. మనం ఎంత కదులుతున్నామన్న విషయంలో మన అంచనా అంత ఘోరంగా ఉంటుంది.

మొదటి నాలుగైదు నెలలు బ్రహ్మాండం. రోజూ 10,000 పూర్తవగానే చేతిమీద చిన్నగా వణికి, తెరమీద రంగులు చిమ్మేది. నలభై దాటిన మనిషిని రంగుల కోసం నడిపించవచ్చని నేనైతే ఊహించలేదు. వరుసగా ఎన్ని రోజులు పూర్తిచేశానో కూడా చూపించేది. ముప్పై, డెబ్భై, వంద. ఆ అంకె పెరిగేకొద్దీ నాకు ఆరోగ్యం సంగతి పక్కకు పోయి అంకె గురించే టెన్షన్ మొదలైంది. రాత్రి పదకొండున్నరకి ఇంకో పదిహేను వందల అడుగులు తక్కువుంటే హాల్లో గోడ నుంచి గోడకి తిరిగేవాణ్ణి. "ఏంటండీ, దొంగలా చీకట్లో ఈ తిరుగుడు?" అని మా ఆవిడ లేచొచ్చేది. ఒకసారి బాగా నిద్రొచ్చి, మంచంమీద కూర్చుని చెయ్యి ఊపాను. అడుగులు పెరిగాయి! ఎవర్ని మోసం చేస్తున్నానో ఆలోచించే ఓపిక కూడా ఆ రాత్రి లేదు.

143వ రోజు తర్వాత జ్వరం వచ్చింది. మూడు రోజులు లేవలేదు. లేచి చూస్తే వరుస సున్నాకి వచ్చేసింది. జ్వరం తగ్గింది గానీ నడక మొదలవలేదు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలంటే మనసు రాలేదు. బ్యాండ్ తీసి డ్రాయర్లో పడేశాను. రెండు నెలలకు పైగా అక్కడే ఉంది, నేను సోఫాలో ఉన్నాను.

ఈ దశ గురించి ఏ రివ్యూలోనూ చదివిన గుర్తు లేదు. అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

ఆ పదివేల లెక్క వైద్యశాస్త్రం తేల్చింది కాదట. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి పెట్టుకునే అడుగుల మీటరు అమ్మింది. దాని పేరు 'మాన్‌పోకే', అంటే పదివేల అడుగుల మీటరు. అమ్మకం కోసం పెట్టిన పేరు లోకానికంతా లక్ష్యమై కూర్చుంది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న పదహారు వేలమందికి పైగా మహిళలమీద చేసిన ఒక అధ్యయనం వచ్చింది. రోజుకి 2,700 అడుగుల దగ్గర ఉన్నవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనంగా తేడా పెద్దగా కనిపించలేదు. నా వయసుకి ఆ లెక్క అచ్చంగా సరిపోదు, నిజమే. కానీ పదివేలకి ఆరు అడుగులు తక్కువైతే రోజంతా వృథా అనుకున్న నా పిచ్చి మాత్రం దాంతో వదిలింది.

ఇంకొకటి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందిని గమనించి చూస్తే, ఒక కొత్త అలవాటు దానంతటది జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందట. అంచనాల్లో తక్కువది 18 రోజులు, ఎక్కువది 254. అందరూ చెప్పే 21 రోజులు కాదన్నమాట. నాకు నచ్చింది ఇంకో ముక్క: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటానికి పెద్ద నష్టమేమీ జరగలేదు. బ్యాండేమో ఒక్క రోజుకే మొత్తం చెరిపేసింది.

డ్రాయర్లోంచి తీశాక సెట్టింగులు మార్చాను. లక్ష్యం 6,000. వరుస రోజుల లెక్క, అభినందనలు, రంగులు అన్నీ ఆఫ్. కేలరీలు కనిపించకుండా చేశాను. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు పరికరాలను పరీక్షిస్తే, గుండె వేగం చాలావరకు సరిగ్గానే చూపించాయి గానీ, కేలరీల్లో అన్నిటికంటే నయమైనది కూడా సగటున 27 శాతం తప్పిందట. ఆ అంకె చూసుకుని ఇంకో ముద్ద ఎక్కువ తిన్న రోజులు నాకున్నాయి.

అసలు ఫిర్యాదు వేరే ఉంది. బ్యాండ్ లెక్కపెట్టలేనిదాన్ని నేను చెయ్యడం మానేశాను. జిమ్‌లో నాకు నిజంగా ఇష్టమైనది సైకిల్. హ్యాండిల్ పట్టుకుంటే మణికట్టు కదలదు, అడుగులు పడవు. అందుకని సైకిలెక్కడం వదిలేశాను. బరువులెత్తడమూ అంతే, అరగంట చెమటోడిస్తే నలభై అడుగులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినదాని ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకి పని పెట్టాలి. ఆ రెండు రోజులు నా జీవితంలోంచి ఏడాదిన్నర పాటు మాయమయ్యాయి. ఇప్పుడు వాటిని గోడమీది క్యాలెండర్లో పెన్నుతో టిక్కు పెట్టుకుంటున్నాను.

మళ్లీ కదలడం బ్యాండ్ వల్ల జరగలేదు. ఆఫీసు నుంచి రాగానే సోఫా వైపు వెళ్లకుండా, బూట్లు మార్చుకుని పది నిమిషాలు నడవడం అని ఒక నియమం పెట్టుకున్నాను. పది నిమిషాలే. తర్వాత వచ్చేయాలనిపిస్తే వచ్చేయొచ్చు. సగం రోజులు రాబుద్ధి కాదు, అరగంట అయిపోతుంది. పై అంతస్తులో ఉండే ఒకాయన కూడా తోడయ్యాడు. ఆయన కింద నిలబడి "సార్, వస్తున్నారా?" అంటే ఎగ్గొట్టడం కష్టం. బ్యాండ్ వణికితే పట్టించుకోకుండా ఉండగలను, మనిషి ఎదురుచూస్తుంటే ఉండలేను. వేగం సంగతి కూడా ఆయనతోనే తెలిసిపోతుంది: మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు.

2016లో వచ్చిన ఒక పరిశోధన ఇక్కడ చెప్పాలి. బరువు తగ్గే కార్యక్రమంలో ఉన్న 471 మంది యువతీయువకుల్లో ఇలాంటి పరికరం వాడినవాళ్లు రెండేళ్లలో సగటున 3.5 కిలోలు, వాడనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు. కాబట్టి బ్యాండ్ కట్టుకుంటే బరువు తగ్గుతారని నేను చెప్పను. నేను మూడేళ్లలో తగ్గింది నాలుగు కిలోలు. షుగర్ 101కి వచ్చింది.

ఇప్పటికీ రోజూ చూసే అంకె ఒక్కటే, విశ్రాంతిలో ఉన్నప్పటి గుండె వేగం. మొదట్లో 82 ఉండేది, ఇప్పుడు 70, 71. ఇది చెయ్యి ఊపితే మారదు. ఒంట్లో బాగోలేని రోజుల్లో నాకు తెలిసేలోపే నాలుగైదు పెరుగుతుంది. నిద్ర మార్కులు మాత్రం పట్టించుకోను, పొద్దున్న హుషారుగా లేచినా "నిద్ర సరిపోలేదు" అని చూపిస్తే ఆ రోజంతా నీరసం తెచ్చుకోవడం తప్ప లాభం లేదు.

మిగతావి క్లుప్తంగా. బ్యాటరీ కొత్తలో పది రోజులొచ్చేది, ఇప్పుడు మూడో రోజుకే ఛార్జర్ వెతుక్కోవాలి. వదులుగా కట్టుకుంటే వెనకున్న ఆకుపచ్చ లైటు గుండె వేగాన్ని ఇష్టమొచ్చినట్టు చూపిస్తుంది, బిగిస్తే చెమటకి దద్దుర్లు. రోజూ కాసేపు తీసేసి, కడిగి ఆరబెడితే తగ్గాయి. కొనేవాళ్లు అడుగుల లక్ష్యాన్ని మార్చుకునే వీలుందా, వరుస రోజుల లెక్క ఆపే వీలుందా అని ముందే చూసుకోండి. స్ట్రాప్ విడిగా దొరికేదే తీసుకోండి, నాకు ఇది మూడోది.