రామప్పా, గండికోటా: స్నేహితులతో కారులో వెళ్లడానికి ఏది మేలు?

హైదరాబాద్ నుంచి కారు తీసుకుని నలుగురైదుగురం పాత గుళ్లు, కోటలు చూసొద్దామనుకున్నప్పుడల్లా మా స్నేహితుల మధ్య వాదన ఈ రెండు దారుల మీదే. ఒకటి వరంగల్ మీదుగా రామప్ప, రెండోది కర్నూలు దాటి బెలుం, గండికోట. చేతిలో శని, ఆదివారాలే ఉంటే నా ఓటు రామప్పకే.

ముందు దూరం సంగతి. రామప్ప గుడి ఉన్న పాలంపేట సుమారు 210 కిలోమీటర్లు. గండికోట 350 దాటుతుంది. బండి నడిపేది ఒక్కడే అయితే ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం టెన్షనే. మిగతావాళ్లు వెనక సీట్లో నిద్రపోతారు, అతనికి ఆ వీలుండదు.

దూరం ఒక్కటే కాదు, వరంగల్ దారిలో కథ వరసగా సాగుతుంది. హనుమకొండలో 1163 నాటి రుద్రదేవుడి వేయిస్తంభాల గుడి చూసి వరంగల్ కోటకు వెళ్తే నాలుగు వైపులా నాలుగు రాతి తోరణాలు నిలబడి ఉంటాయి. వాటి నడుమ ఉండాల్సిన గుడి మాత్రం శిథిలాలుగా నేల మీదుంది. 1323లో కాకతీయ రాజ్యం కూలిపోవడమంటే ఏమిటో అక్కడ పది నిమిషాలు నడిస్తే తెలుస్తుంది.

ములుగు దాటి పాలంపేట చేరాక తొందరపడకండి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. ఇసుక నింపిన పునాది మీద నిలబడింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలిక. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇవన్నీ బోర్డు మీద చదువుకోవచ్చు. అసలు చూడాల్సింది చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికలను, అంటే నాట్యగత్తెల బొమ్మలను. గుడి గోడలు ఎర్ర ఇసుకరాయి, ఈ బొమ్మలు నిగనిగలాడే నలుపు. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి! ఎనిమిది వందల ఏళ్ల నాటి బొమ్మకు ఆ చెప్పులు చూసి మాలో ఎప్పుడూ గుళ్ల జోలికి పోనివాడు కూడా గుడి చుట్టూ మళ్లీ తిరిగొచ్చాడు. దగ్గర్లోనే గణపురం కోటగుళ్లున్నాయి, జనం తక్కువ. ఓపిక ఉంటే చూడండి.

అలాగని గండికోటను తక్కువ చేయలేను. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నా పారే ఆ లోయ అంచున సాయంత్రం కూర్చుంటే ఎవరికీ మాట్లాడాలనిపించదు. స్నేహితులతో గడపడానికి అంతకంటే మంచి చోటు ఈ రెండు దారుల్లో ఇంకోటి లేదు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట, తర్వాత 17వ శతాబ్దంలో మీర్ జుమ్లా చేతికి పోయింది. మాధవరాయ స్వామి గోపురం, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం అన్నీ ఒకే కోటలో నడిచి చూడొచ్చు. కానీ లోయ అంచున కంచె లేని చోట్లు ఉన్నాయి. ఫోటోల కోసం రాళ్ల చివరికెళ్లే స్నేహితుడుంటే ముందే గట్టిగా చెప్పండి.

బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు, మనల్ని వెళ్లనిచ్చేది అందులో సుమారు కిలోమీటరున్నర. లోపల ఉక్కపోత ఎక్కువ, ఆయాసం ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. తిండి విషయంలో మాత్రం పోటీయే లేదు. ఉగ్గాని బజ్జీ, రాగి సంగటి, నాటుకోడి పులుసు ఉన్న దారే గెలుస్తుంది.

అందుకే సోమవారం కూడా సెలవు దొరికితే నేను మాట మార్చి గండికోటకే పొమ్మంటాను. అయితే ఎండాకాలంలో వద్దు, ఆ రాళ్ల మీద నీడ దొరకదు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. శనివారం యాగంటి, బెలుం చూసుకుని రాత్రికి గండికోటలోనే బస చేయండి, తెల్లవారుజామునే లోయ దగ్గరికి నడిచిపోవచ్చు. గది మాత్రం ముందే బుక్ చేసుకోండి, అక్కడ ఉన్నవి కొద్దే.